సి లాంగ్వేజ్‌లో ఏసైన్‌హెచ్: ఫార్ములా కరెక్టే, మరి ఆన్సర్ ఎందుకు తప్పొస్తుంది?

ఐఫోన్‌లో కాలిక్యులేటర్ ఓపెన్ చేసి ఫోన్‌ని అడ్డంగా తిప్పితే సైంటిఫిక్ బటన్స్ వస్తాయి. అందులో "సెకండ్" బటన్ నొక్కితే సైన్‌హెచ్, కాస్‌హెచ్, టాన్‌హెచ్ మీద చిన్నగా మైనస్ వన్ వచ్చి కూర్చుంటుంది. బీటెక్‌లో కాసియో ఎఫ్ఎక్స్-991 వాడినవాళ్లకైతే "హైప్" బటన్ గుర్తుండే ఉంటుంది. ఎం1 ఎగ్జామ్ అయ్యాక మనలో చాలామంది దాని జోలికి మళ్లీ వెళ్లలేదు.

కానీ మన ఫోన్ మాత్రం వెళ్తూనే ఉంటుంది. వెబ్ మ్యాపులన్నీ దాదాపుగా వాడే మెర్కేటర్ పద్ధతిలో, ఒక ఊరి అక్షాంశాన్ని స్క్రీన్ మీద నిలువు కొలతగా మార్చే లెక్క ఇదే: అక్షాంశానికి టాన్ తీసుకుని, దానికి ఇన్వర్స్ సైన్‌హెచ్ చేయాలి. హైదరాబాద్ 17.385 డిగ్రీలు అనుకుంటే టాన్ 0.3131, దాని ఇన్వర్స్ సైన్‌హెచ్ 0.3082. దాన్ని భూమి వ్యాసార్థం 6378137 మీటర్లతో గుణిస్తే 19 లక్షల 65 వేల మీటర్ల పైచిలుకు వస్తుంది. మ్యాప్‌లో భూమధ్య రేఖ నుంచి హైదరాబాద్ ఎత్తు అది. ఇలాంటి మ్యాపులు 85.05 డిగ్రీల దగ్గర ఆగిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అక్కడ ఈ విలువ సరిగ్గా పై అవుతుంది, మ్యాప్ మొత్తం చక్కగా చతురస్రం అవుతుంది.

ఇంకో వాడకం ఫొటోల్లో. ఆకాశం ఫొటోలు ప్రాసెస్ చేసే ఖగోళ శాస్త్రవేత్తలు ఏసైన్‌హెచ్ స్ట్రెచ్ అని ఒకటి వాడతారు. మసక నక్షత్రాల దగ్గర అది మామూలు గీతలా ఉంటుంది, బాగా వెలుగున్న చోట లాగరిథమ్‌లా మారిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక కొన్ని పిక్సెల్స్ నెగెటివ్‌లోకి వెళ్తాయి కదా, అక్కడ లాగ్ పనిచేయదు, ఇది పనిచేస్తుంది. ఈ నెగెటివ్ విషయం గుర్తుపెట్టుకోండి, అసలు గొడవ అక్కడే ఉంది.

పుస్తకంలో ఫార్ములా

ఫోన్‌లో చదివేటప్పుడు కోడ్ బాక్సుల్ని పక్కకి జరుపుతూ చదవడం చిరాకు కాబట్టి, ఫార్ములాలు లైన్‌లోనే రాస్తున్నా. మనం నేర్చుకున్నది ఇది:

ఏసైన్‌హెచ్(ఎక్స్) = లాగ్(ఎక్స్ + √(ఎక్స్² + 1))

లాగ్ అంటే ఇక్కడ నేచురల్ లాగ్. గణితంలో దీనికి వంక పెట్టడానికి లేదు. ఎక్స్ ఏ రియల్ నంబర్ అయినా కరెక్ట్. దీన్ని సి లో ఉన్నదున్నట్టు ఒక్క లైన్‌లో రాసేయొచ్చు. 1, 2, 5 ఇచ్చి టెస్ట్ చేస్తే అన్నీ కాలిక్యులేటర్‌తో మ్యాచ్ అవుతాయి. ఇప్పుడు మైనస్ పది కోట్లు, అంటే -10⁸ ఇచ్చి చూడండి. రావాల్సింది -19.1138. వచ్చేది మైనస్ ఇన్ఫినిటీ.

ఏం జరిగిందో చూద్దాం. సి లో డబుల్ అనే టైప్ ఒక నంబర్‌ని 53 బిట్లలో దాచుకుంటుంది, అంటే సుమారు 15-16 అంకెలు. 10⁸ ని స్క్వేర్ చేస్తే 10¹⁶. ఆ సైజులో డబుల్‌కి పక్కపక్కన ఉన్న రెండు నంబర్ల మధ్య దూరమే 2. కాబట్టి 1 కలిపినా ఏమీ మారదు. రూట్ తీస్తే మళ్లీ సరిగ్గా 10⁸. దానికి -10⁸ కలిపితే సున్నా. సున్నాకి లాగ్ అంటే మైనస్ ఇన్ఫినిటీ. ప్రతి స్టెప్‌లోనూ ప్రాసెసర్ తన పని కరెక్ట్‌గానే చేసింది. కానీ మనకు కావాల్సిన చిన్న ముక్క, అంటే 0.000000005, రెండు పెద్ద నంబర్ల తీసివేతలో మాయమైపోయింది.

ఇన్ఫినిటీ వస్తే ఒక రకంగా నయమే, వెంటనే తెలిసిపోతుంది. -10⁷ ఇస్తే ఇంకా డేంజర్. అసలు విలువ -16.8112, మన ఒక్క లైన్ కోడ్ ఇచ్చేది -16.8054. చూడ్డానికి నిజమైన ఆన్సర్‌లాగే ఉంటుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. డబుల్‌లో 15 అంకెలు కరెక్ట్‌గా వస్తాయి అనుకుంటాం, ఇక్కడ నాలుగో అంకెకే తేడా కొట్టింది.

ప్లస్ వైపు కూడా సేఫ్ కాదు. 10²⁰⁰ ఇస్తే స్క్వేర్ 10⁴⁰⁰ అవ్వాలి. డబుల్ గరిష్ఠం సుమారు 1.8 × 10³⁰⁸ కాబట్టి అది ఇన్ఫినిటీ అయిపోతుంది. అసలు ఆన్సర్ మాత్రం 461.21, మామూలు నంబరే.

సున్నాకి దగ్గర్లో

ఇక్కడ ఇంకో రకం నష్టం. ఎక్స్ బాగా చిన్నదైతే ఏసైన్‌హెచ్ దాదాపు ఎక్స్‌కి సమానం. 10⁻¹⁰ ఇస్తే 10⁻¹⁰ రావాలి. పుస్తకం ఫార్ములా ఇచ్చేది 1.0000000827 × 10⁻¹⁰. ఏడెనిమిది అంకెల తర్వాత అంతా చెత్త. 10⁻¹⁶ ఇస్తే నేరుగా సున్నా.

దీన్ని డబ్బు లెక్కలో చెప్తా. పైసల కాలమ్ లేని ఒక పద్దు పుస్తకం ఉందనుకోండి. అందులో కోటి రూపాయలకి 37 పైసలు కలిపి రాయమన్నారు. కోటి అనే రాస్తారు. తర్వాత "ఆ కోటి తీసేసి మిగిలింది చెప్పండి" అంటే సున్నా అంటారు. మన ఫార్ములాలో చిన్న ఎక్స్‌కి 1 కలపడం అంటే అదే పని. 1 కి దగ్గర్లో లాగ్ చేసేది, ఆ 1 కి పైన ఎంత మిగిలిందో చూడటమే. మిగిలింది అప్పటికే పోయింది.

దీనికోసమే సి లో లాగ్‌1పీ అనే ఫంక్షన్ ఉంది. పేరు విచిత్రంగా ఉంటుంది, అర్థం "1 ప్లస్". లాగ్(1 + టి) కావాలంటే మీరు 1 కలపకండి, టి మాత్రమే ఇవ్వండి, మిగతాది అది చూసుకుంటుంది. నా ఉద్దేశంలో మ్యాథ్ లైబ్రరీలో జనం అతి తక్కువ పట్టించుకునే, అతి ఎక్కువ పనికొచ్చే ఫంక్షన్ ఇదే. వడ్డీ లెక్కల నుంచి మెషిన్ లెర్నింగ్ దాకా పనికొస్తుంది.

డబుల్ వాడితే మ్యాపులకి ఈ బాధ ఉండదు, తప్పు అంగుళంలో వందో వంతు కూడా రాదు అని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ ఫోన్‌లో మ్యాప్ గీసేది ఎక్కువగా జీపీయూ, అక్కడ మామూలుగా నడిచేది ఫ్లోట్, 24 బిట్లే. 80 డిగ్రీల అక్షాంశం తీసుకుని ఫ్లోట్‌లో లెక్క వేసి చూడండి. ఇన్‌పుట్ సొంత రౌండింగ్ పక్కన పెడితే, ఉత్తరం వైపు పుస్తకం ఫార్ములా తప్పు మ్యాప్ కొలతలో మీటరు చుట్టుపక్కలే ఉంటుంది. అదే 80 డిగ్రీలు దక్షిణం అయితే పదుల మీటర్ల దాకా వెళ్లగలదు. నేల మీద అందులో ఆరో వంతు అనుకోండి, అయినా నాలుగైదు మీటర్లు ఈజీగా దాటొచ్చు. ఒకే ఫార్ములా, ఒకే దూరం, ఉత్తరానికి ఒక న్యాయం, దక్షిణానికి ఒక న్యాయం. మన ఊళ్లన్నీ ఉత్తరార్ధ గోళంలో ఉంటాయి కాబట్టి మన టెస్టుల్లో ఇది దొరకదు.

సరైన కోడ్ ఎలా ఉంటుంది

మొదటి పని గుర్తు పక్కన పెట్టడం. ఏసైన్‌హెచ్ బేసి ఫంక్షన్, అంటే మైనస్ ఎక్స్‌కి ఆన్సర్ కూడా మైనస్ అంతే. కాబట్టి ముందు ఎక్స్ పాజిటివ్ విలువ తీసుకోండి, దాన్ని ఏ అందాం. లెక్కంతా ఏ తో చేసి చివర్లో కాపీసైన్ ఫంక్షన్‌తో గుర్తు తగిలించండి. ఈ ఒక్క మార్పుతో -10⁸ సమస్య పోతుంది, ఎందుకంటే ఇక తీసివేతే లేదు, అన్నీ కూడికలే. పాజిటివ్ విలువకి ఫ్యాబ్స్ వాడాలి, ఏబీఎస్ కాదు. ఏబీఎస్ ఇంటీజర్ల కోసం, అది 0.3 ని సున్నా చేసేస్తుంది.

రెండోది లాగ్‌1పీ కి ఇవ్వాల్సిన ముక్కని 1 లేకుండా తయారు చేసుకోవడం. మనకు కావాల్సింది ఏ + √(ఏ² + 1) - 1. ఇందులో √(ఏ² + 1) - 1 అనే భాగాన్ని అలాగే లెక్కిస్తే మళ్లీ అదే నష్టం. ఇంటర్‌లో చేసిన రేషనలైజేషన్ గుర్తు తెచ్చుకోండి: అది ఏ² / (1 + √(ఏ² + 1)) కి సమానం. ఇప్పుడు తీసివేత లేదు.

మూడోది స్క్వేర్ పేలిపోకుండా చూడటం. √(ఏ² + 1) బదులు హైపాట్(1, ఏ) వాడితే మధ్యలో ఓవర్‌ఫ్లో రాదు. ఏ² ని పైన పెట్టకుండా ముందు భాగించి తర్వాత గుణిస్తే అదీ సర్దుకుంటుంది. అన్నీ కలిపితే:

లాగ్‌1పీ(ఏ + ఏ × (ఏ / (1 + హైపాట్(1, ఏ))))

ఇదీ ఒక్క లైనే. పుస్తకం ఫార్ములాకి ఇది గణితంలో సమానం, కానీ 10⁻¹⁶ నుంచి 10²⁰⁰ దాకా నిలబడుతుంది. 9 × 10³⁰⁷ దగ్గర ఏ రెండింతలు అయ్యే చోట మాత్రమే ఓవర్‌ఫ్లో అవుతుంది. బ్రాకెట్లు అటూ ఇటూ చేయకండి, ఇక్కడ అవి అలంకారం కాదు. సి కంపైలర్ మామూలుగా ఈ వరుసని గౌరవిస్తుంది. ఫాస్ట్ మ్యాథ్ ఫ్లాగ్ ఆన్ చేస్తే మాత్రం లెక్కల వరుస మార్చుకునే అనుమతి మీరే ఇచ్చినట్టు, అప్పుడు ఈ కష్టమంతా గంగలో కలిసిపోవచ్చు.

ఆండ్రాయిడ్ లోపల చూస్తే

ఆండ్రాయిడ్ సి లైబ్రరీ పేరు బయోనిక్. అందులో మ్యాథ్ భాగం ఎక్కువగా ఫ్రీబీఎస్‌డీ నుంచి వచ్చింది, ఫ్రీబీఎస్‌డీకి అది సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ల 1993 నాటి కోడ్ నుంచి వచ్చింది. ఆ ఎఫ్‌డీలిబ్‌ఎమ్ కోడ్‌లో ఏసైన్‌హెచ్ ఎలా రాశారో చూడటం నాకు భలే నచ్చుతుంది. అది హైపాట్ వాడదు, ఎక్స్ సైజుని బట్టి దారులు మార్చుకుంటుంది.

ఎక్స్ 2⁻²⁸ కన్నా చిన్నదైతే ఏ లెక్కా లేదు, ఎక్స్‌నే తిరిగి ఇచ్చేస్తుంది. ఎందుకంటే అసలు ఆన్సర్‌కి, ఎక్స్‌కి తేడా ఎక్స్³/6 మాత్రమే, ఆ సైజులో అది 53 బిట్ల కిందకి పడిపోతుంది. 2⁻²⁸ నుంచి 2 దాకా పైన మనం చేసిన లాగ్‌1పీ, రేషనలైజేషన్ పద్ధతే. 2 దాటాక మామూలు లాగ్, కానీ లోపల 2ఎక్స్ + 1/(ఎక్స్ + √(ఎక్స్² + 1)) అని తిప్పి రాశారు. ఇక 2²⁸, అంటే సుమారు 26 కోట్ల 84 లక్షలు దాటితే √ కూడా అనవసరం, లాగ్(ఎక్స్) + లాగ్ 2. లాగ్(2ఎక్స్) అని రాయొచ్చు కదా అనిపిస్తుంది, కానీ ఎక్స్ డబుల్ గరిష్ఠానికి దగ్గర్లో ఉంటే 2ఎక్స్ ఓవర్‌ఫ్లో అవుతుంది. ఆ ఒక్క మూల కోసం ఒక కూడిక ఎక్స్‌ట్రా పెట్టారు. 1993లో రాసిన ఆ జాగ్రత్త ఇవాళ్టికీ మన జేబుల్లో నడుస్తోంది.

మిగతా ఇద్దరు

ఏకాస్‌హెచ్‌కి ఎక్స్ 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. 1 కన్నా తక్కువైతే నాన్, అంటే "నంబర్ కాదు" అని వస్తుంది. రెండు కరెంటు స్తంభాల మధ్య వేలాడే తీగ ఆకారం కాస్‌హెచ్ కాబట్టి, తీగ ఎత్తు నుంచి దూరం వెనక్కి లెక్కేస్తే ఏకాస్‌హెచ్ కావాలి. దీని సమస్యంతా 1 పక్కనే. పుస్తకం ఫార్ములాలో ఎక్స్² - 1 ఉంటుంది. ఎక్స్ 1 కి అతుక్కుని ఉంటే ముందు స్క్వేర్ చేయడంలో చివరి అంకెలు రౌండ్ అయిపోతాయి, తర్వాత 1 తీసేస్తే ఆ రౌండింగే పెద్దగా కనపడుతుంది. మందు సింపుల్: ముందే 1 తీసేయండి. టి = ఎక్స్ - 1, తర్వాత లాగ్‌1పీ(టి + √(2టి + టి²)). ఎక్స్ 1 కి 2 కి మధ్య ఉన్నప్పుడు ఎక్స్ - 1 అనే తీసివేతలో ఒక్క బిట్ కూడా పోదు. అదే తీసివేత రెండు స్టెప్పులు ఆలస్యంగా చేస్తే సగం అంకెలు పోవచ్చు.

ప్రాక్టికల్‌గా ఎక్కువమందికి తగిలే దెబ్బ ఇంకోటి. వెనక స్టెప్‌లో సరిగ్గా 1 రావాల్సింది రౌండింగ్ వల్ల 0.9999999999999999 వచ్చిందనుకోండి. ఏకాస్‌హెచ్ నాన్ ఇస్తుంది, ఆ తర్వాత దాన్ని ముట్టుకున్న ప్రతి లెక్కా నాన్ అవుతుంది. 1 కన్నా తక్కువైతే 1 చేసేయ్ అని ఒక చెక్ పెట్టేస్తారు చాలామంది. తేడా 10⁻¹² లోపు ఉంటే పెట్టండి, తప్పు లేదు. 0.7 వచ్చినా 1 చేసేసే కోడ్ అయితే అసలు బగ్‌ని దాచేసినట్టే.

ఏటాన్‌హెచ్ సులువు. మైనస్ 1 కి ప్లస్ 1 కి మధ్యే పనిచేస్తుంది, సరిగ్గా 1 ఇస్తే ఇన్ఫినిటీ, దాటితే నాన్. (లాగ్‌1పీ(ఎక్స్) - లాగ్‌1పీ(-ఎక్స్)) / 2 అని రాసేయండి. తీసివేత కనిపిస్తోంది కానీ రెండో లాగ్ గుర్తు మొదటిదానికి వ్యతిరేకం కాబట్టి నిజానికి అది కూడికే, నష్టం లేదు. మ్యాప్ లెక్కని అక్షాంశం సైన్‌కి ఏటాన్‌హెచ్ చేసి కూడా సాధించొచ్చు. కానీ ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ సైన్ 1 కి అతుక్కుపోతుంది, కాబట్టి టాన్ దారే మేలు.

అసలు మనం రాయాలా?

మామూలుగా అక్కర్లేదు. 1999లో వచ్చిన సి99 స్టాండర్డ్‌లో ఏసైన్‌హెచ్, ఏకాస్‌హెచ్, ఏటాన్‌హెచ్ మూడూ ఉన్నాయి. చివర ఎఫ్ పెడితే ఫ్లోట్, ఎల్ పెడితే లాంగ్ డబుల్. లాగ్‌1పీ, హైపాట్ కూడా అప్పుడే స్టాండర్డ్‌లోకి వచ్చాయి. మ్యాథ్ డాట్ హెచ్ ఇంక్లూడ్ చేసి, లినక్స్‌లో అయితే కంపైల్ చేసేటప్పుడు చివర మైనస్ ఎల్ఎమ్ పెడితే చాలు. ఇంక్లూడ్ మర్చిపోతే పాత కంపైలర్లు ఆ ఫంక్షన్ ఇంటీజర్ ఇస్తుందని ఊహించుకుని ముందుకెళ్లేవి. క్లాంగ్ 16, జీసీసీ 14 నుంచి అది నేరుగా ఎర్రర్, మంచి పని చేశారు.

మరి సొంతంగా ఎవరికి కావాలి? మన కాలేజీ ల్యాబుల్లో ఏళ్ల తరబడి నడిచిన టర్బో సి లో ఇవి లేవు, పాత సి89 లో సైన్‌హెచ్, కాస్‌హెచ్, టాన్‌హెచ్ మాత్రమే ఉండేవి. మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియోకి ఇవి 2013 వెర్షన్‌లో గానీ రాలేదు. జావా మ్యాథ్ క్లాస్‌లో ఇప్పటికీ సైన్‌హెచ్ ఉంది, దాని ఇన్వర్స్ లేదు. అందుకే జావాలో మ్యాప్ యాప్ రాసేవాళ్లు నెట్ నుంచి పుస్తకం ఫార్ములా కాపీ కొట్టేస్తుంటారు. కోట్లిన్‌లో 1.2 వెర్షన్ నుంచి ఉన్నాయి, ఆండ్రాయిడ్ వాళ్లు అవే వాడండి. జావాలోనే ఉండాలంటే పైన ఇచ్చిన లాగ్‌1పీ లైన్ అలాగే పనిచేస్తుంది, దానికి కావాల్సిన ఫంక్షన్లన్నీ జావాలో ఉన్నాయి.

ఫోన్‌లోనే ట్రై చేయాలంటే టెర్మక్స్ యాప్ వేసుకుని అందులో క్లాంగ్ ఇన్‌స్టాల్ చేయండి, లాప్‌టాప్ అక్కర్లేదు. పుస్తకం ఫార్ములా ఒకటి, లాగ్‌1పీ లైన్ ఒకటి, లైబ్రరీ ఫంక్షన్ ఒకటి, మూడూ పక్కపక్కన ప్రింట్ చేయండి. ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్ ఎఫ్ వాడొద్దు, అది దశాంశం తర్వాత ఆరు అంకెలే చూపిస్తుంది. 10⁻¹⁰ కి మూడూ 0.000000 అని కనిపించి అంతా బాగుందనిపిస్తుంది. పర్సెంట్ పాయింట్ 17 జీ వాడితే అసలు రంగు బయటపడుతుంది. ఇన్‌పుట్‌లుగా 10⁻¹⁶, 10⁻¹⁰, 0.3131, -10⁷, -10⁸, 10²⁰⁰ ఇవ్వండి, ఇంకా మైనస్ సున్నా. మైనస్ సున్నాకి మైనస్ సున్నాయే రావాలి, కాపీసైన్ వాడారో లేదో అక్కడ తెలిసిపోతుంది.

కొంతమంది ఇంకో టెస్ట్ చేస్తారు: వచ్చిన ఆన్సర్‌ని తిరిగి సైన్‌హెచ్‌లో పెట్టి మొదటి ఎక్స్ వస్తుందా అని. చిన్న విలువలకి అది మంచి టెస్టే. 10²⁰⁰ కి చేస్తే మాత్రం 13, 14వ అంకె దగ్గర తేడా కనిపించొచ్చు, కంగారు పడకండి. 461.21 సైజు నంబర్‌లో డబుల్ దాచగలిగే చివరి బిట్‌ని సైన్‌హెచ్ అంతగా పెద్దది చేసి చూపిస్తుంది. లైబ్రరీ ఫంక్షన్‌తో చేసినా అంతే తేడా వస్తుంది.